ఇన్‌స్టలేషన్ ముందు నిలబడి ఏం చేయాలి? సమకాలీన కళాప్రదర్శన చూసే పద్ధతి

రెండేళ్లకోసారి జరిగే కళాప్రదర్శన అయిన కొచ్చి బినాలేకు వెళ్లి వచ్చినవారు, బెంగళూరులోనో ఢిల్లీలోనో ఆధునిక కళా మ్యూజియం చూసి వచ్చినవారు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. ఒక గదిలో తాళ్లు వేలాడుతున్నాయి, ఇంకో గదిలో నేల మీద నీళ్లు నింపారు, మరో చోట ఎనిమిది తెరల మీద ఊరేగింపు సాగుతోంది. ఇలా వస్తువులను చోటంతా అమర్చి చేసే కళనే ఇన్‌స్టలేషన్ అంటారు. వీటి ముందు నిలబడి ఏం చేయాలి? ఇందులో మాకు అందనిది ఏదో ఉందా, లేక అసలు ఏమీ లేదా?

సిద్ధాంత గ్రంథాలు చదవమని చెప్పి ఈ ప్రశ్నను దాటవేయడం సులభమే కాని, దానివల్ల అడిగినవారికి ఒరిగేదేమీ లేదు. చిత్రకళ గురించి ఒక్క పుస్తకమూ చదవనివారు కూడా ఒక వరుస పాటించి చూస్తే, ఏ కృతి గురించైనా పది నిలకడైన వాక్యాలు చెప్పగలుగుతారు. ఆ వరుసనే ఇక్కడ ఇస్తున్నాను. ‘దీని అర్థం ఏమిటి’ అనే ప్రశ్నను చివరికి వాయిదా వేసి, వాడిన వస్తువు, పెట్టిన చోటు, పట్టే కాలం, చూసే మీ శరీరం అనే నాలుగింటి లెక్కను ముందుగా తేల్చుకోవడమే ఈ పద్ధతి.

‘ఇది ఏ ఇజం, అంటే ఏ కళా ఉద్యమం, కిందికి వస్తుంది’ అని కూడా చాలామంది అడుగుతుంటారు. 1909లో ఫ్యూచరిస్టులు, 1924లో సర్రియలిస్టులు ప్రకటనలు వెలువరించి తమ జెండా తామే ఎగరవేశారు. 2000 తరువాతి కళలో స్ట్రీట్ ఆర్ట్, పోస్ట్ ఇంటర్నెట్ ఆర్ట్ వంటి పేర్లు వినిపిస్తున్నా, వాటికి అంత గట్టి సరిహద్దులు లేవు. పరీక్ష రాయవలసిన విద్యార్థులు తప్ప మిగిలినవారు ఈ ప్రశ్నను పక్కన పెట్టవచ్చు.

కావలసినవి

చిన్న నోటు పుస్తకం, పెన్సిల్ ఉండాలి. పెన్ను వద్దు, సిరా మరక పడుతుందనే భయంతో చాలా మ్యూజియంలు కృతుల దగ్గర పెన్సిల్‌ను మాత్రమే అనుమతిస్తాయి. ఫోన్‌లో ఫ్లాష్ ఆపి, శబ్దం తగ్గించి ఉంచండి. కొన్ని గదుల్లోకి చెప్పులు విప్పి వెళ్లవలసి వస్తుంది కాబట్టి, వంగి ముడులు విప్పే పని లేని చెప్పులు వేసుకోండి. మంచినీళ్లు దగ్గర ఉంచుకోండి. వీలైతే ఒక్కరిని తోడు తీసుకెళ్లండి; పదిమంది గుంపుగా వెళ్తే ఎవరూ ఏదీ చూడరు. కేటలాగు ముందే కొనవద్దు, కొనాలనిపిస్తే తిరిగి వచ్చేటప్పుడు కొనవచ్చు.

చేయవలసిన విధానం

1. చూడవలసినవాటి సంఖ్య తగ్గించుకోండి. ఒక పూటకు మూడు కృతులు చాలు, నాలుగు మించితే కళ్లు పని చేయడం మానేస్తాయి. ముందుగా ఒక అరగంట ఆగకుండా అన్ని గదులూ తిరిగి రండి. ఆ తిరుగుడులో మీ అడుగు దానంతట అదే నెమ్మదించిన చోట్లు రెండు, చిరాకు పుట్టించిన చోటు ఒకటి గుర్తు పెట్టుకుని, ఆ మూడింటి దగ్గరికే మళ్లీ వెళ్లండి. చిరాకు పుట్టించినదాన్ని కావాలనే చేరుస్తున్నాను, ఎందుకంటే ఈ పద్ధతి ఎక్కువగా పనికొచ్చేది అక్కడే.

ప్రారంభమైన తొలి రోజుల్లో వెళ్లకపోవడం మంచిది. పెద్ద ప్రదర్శనల్లో కొన్ని కృతుల అమరిక చివరి దాకా పూర్తి కాదు. కొచ్చి బినాలే అయిదవ సంచిక 2022 డిసెంబరు 12న మొదలు కావలసి ఉండగా, ప్రధాన వేదికలు డిసెంబరు 23న గాని తెరుచుకోలేదు. రైలు టికెట్లు ముందే తీసుకునేవారు రెండు మూడు వారాలు గడువు ఉంచుకోండి.

2. గోడ మీది వివరం చదవకుండా మూడు నిమిషాలు నిలబడండి. వివరం ముందు చదివితే ఆ తరువాత మీరు చూసేది కృతిని కాదు, చదివిన వాక్యానికి రుజువులను. మూడు నిమిషాలు ఎంత పొడవో గడియారం పెట్టుకుని నిలబడితే గాని తెలియదు. దీనికి ఒక్క మినహాయింపు ఉంది: హెచ్చరిక పలకలు మాత్రం తప్పక చదవండి. తాకకూడదనీ, మెరుపు దీపాలు ఉన్నాయనీ, నేల తడిగా ఉందనీ, పిల్లలకు తగని దృశ్యాలనీ రాసి ఉండవచ్చు. మూర్ఛవ్యాధి ఉన్నవారు మెరుపు దీపాల పలక చూడకుండా ఏ చీకటి గదిలోకీ వెళ్లవద్దు.

3. ఉన్నదాన్ని ఉన్నట్టు రాయండి. విశేషణాలు, అభిప్రాయాలు లేకుండా అయిదు వాక్యాలు రాయాలి. కర్ణాటకకు చెందిన కళాకారిణి షీలా గౌడ 2009లో వెనిస్ బినాలేలో ప్రదర్శించిన ‘బిహోల్డ్’ అనే కృతిని ఉదాహరణగా తీసుకుందాం. అది ఇప్పుడు లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. దాని ముందు నిలబడి ‘ఆధునిక జీవితపు బంధనాలు’ అని రాసుకుంటే ఏమీ చూడనట్టే లెక్క. ‘మెరిసే స్టీలు కారు బంపర్లు దాదాపు ఇరవై ఉన్నాయి, వాటిని నల్లని తాడుతో చుట్టి వేలాడదీశారు, తాడు చాలా పొడవుగా ఉండి కుప్పలుగా జారుతోంది, దగ్గరికి వెళ్తే అది నూలు కాదు, మనిషి వెంట్రుకలు’ అని రాసుకుంటే సగం పని అయినట్టే.

రాయడానికి బద్ధకించేవారు తోడు వచ్చినవారికి కళ్లు మూసుకోమని చెప్పి, నోటితో వర్ణించవచ్చు. వారు మధ్యలో ప్రశ్నలు అడుగుతారు కాబట్టి, ఇది కొందరికి రాయడం కన్నా బాగా కుదురుతుంది.

4. వస్తువు ఎక్కడిదో తేల్చండి. ఈ మెట్టు మీద తొందరపడవద్దు. కాన్వాసు మీద రంగు వేసిన చిత్రంలో రంగు సాధారణంగా ఇంకో వస్తువును చూపించడానికి ఉంటుంది. 2000 తరువాతి కళలో చాలా చోట్ల వస్తువు తానే మాట్లాడుతుంది. ప్రతి పదార్థాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది బయటి ప్రపంచంలో ఏ పని చేస్తుంది? ఇక్కడికి రాక ముందు ఎవరి చేతుల్లో ఉంది? దీన్ని ఈ రూపానికి తెచ్చింది ఎవరు? ఇలాగే వదిలేస్తే ఏమవుతుంది?

పై ఉదాహరణలోని వెంట్రుకల తాడుకే ఈ ప్రశ్నలు వేసి చూడండి. దక్షిణ భారతంలో దేవుడికి తలనీలాలు ఇవ్వడం మనకు కొత్త కాదు. తిరుమల కల్యాణకట్టలో రోజూ జరిగేదే. ఆ జుట్టులో పొడవైనది విగ్గులు తయారుచేసేవారికి పోతుంది. పొట్టిది ఇలాంటి తాళ్లుగా పేనబడుతుంది. దిష్టి తగలకుండా, ప్రమాదం జరగకుండా డ్రైవర్లు దాన్ని బంపర్‌కు కట్టుకుంటారు. అంటే షీలా గౌడ బంపర్‌నూ వెంట్రుకల తాడునూ కొత్తగా కలపలేదు, రోడ్డు మీద అవి ముందే కలిసి ఉన్నాయి. ఆమె చేసింది పాళ్లు మార్చడం: బంపర్‌కు కట్టే మూరెడు తాడు ఇక్కడ దాదాపు 4 కిలోమీటర్లు అయింది. యంత్రాన్ని కాపాడడానికి కట్టిన మొక్కు యంత్రం కన్నా పెద్దదైపోయింది. ఈ మాట ఏ గోడ మీదా చదవనక్కరలేదు, నాలుగు ప్రశ్నలకు జవాబులు వరుసగా పెట్టుకుంటే మీకే వస్తుంది. లండన్ ప్రేక్షకుడికి ఇది చదివి తెలుసుకోవలసిన సంగతి. తెలుగు పాఠకుడికి సగం ఇంట్లోనే తెలుసు. మన దగ్గర ఉన్న ఈ తెలివిడిని గ్యాలరీ గుమ్మం బయట వదిలి వెళ్లడం ఎందుకో నాకు అర్థం కాదు.

మూడో ప్రశ్న, అంటే ‘తయారుచేసింది ఎవరు’ అన్నది, చాలామంది మరిచిపోతారు. 2010లో చైనా కళాకారుడు ఐ వేవే లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలోని టర్బైన్ హాలు నేల మీద పది కోట్ల పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. దూరం నుంచి చూస్తే బూడిదరంగు కంకరలా కనిపించే ఆ గింజలు నిజానికి పింగాణీవి. చైనాలో పింగాణీకి పేరుమోసిన జింగ్‌దెజెన్ పట్టణంలో సుమారు 1600 మంది పనివారు వాటిని చేసి, ఒక్కొక్క గింజ మీద చారలను కుంచెతో వేశారు. మొదట ప్రేక్షకులు వాటి మీద నడిచేవారు. పింగాణీ ధూళి ఆరోగ్యానికి మంచిది కాదని కొద్ది రోజులకే తాడు కట్టి ఆపేశారు. చేతితో వేసిన ఆ చారల సంగతి తెలియకపోతే అది పెద్ద గింజల కుప్పగా మాత్రమే మిగులుతుంది.

5. చుట్టూ, దూరంగా, దగ్గరగా నడవండి. ముందు నిలబడి చూసి వెళ్లిపోవడం గోడకు తగిలించిన చిత్రానికి సరిపోవచ్చు, ఇన్‌స్టలేషన్‌కు సరిపోదు. కనీసం మూడు దూరాల నుంచి చూడండి: గది గుమ్మం దగ్గర, మధ్యలో, అనుమతించినంత దగ్గరగా. సూర్యాపేటలో పుట్టిన జి. రవీందర్ రెడ్డి ఫైబర్ గ్లాస్‌తో చేసే భారీ స్త్రీ ముఖాలు దూరం నుంచి గుడిలో విగ్రహాల్లా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి శిల్పం వెనక వైపుకు చుట్టి వస్తే కొప్పు, కొప్పులో పూల వరుసలు ముఖం కన్నా ఎక్కువ శ్రద్ధతో చేసినట్టు ఉంటాయి. ముందు వైపు మాత్రమే ఫోటో తీసుకుని వెళ్లినవారికి ఆ శిల్పంలో సగం దక్కలేదన్నమాటే.

వెనక వైపు చూడడానికి అనుమతి ఉంటే తప్పక చూడండి. 2003లో ఓలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు అదే టర్బైన్ హాలులో నిలిపిన సూర్యుడు నిజానికి దీపాలు అమర్చిన అర్ధవృత్తం. పైకప్పుకు పరిచిన అద్దాల్లో మిగిలిన సగం కనిపించేది. దాని కిందికి నడిచి వెళ్లినవారికి దీపాలు, తీగలు దాపరికం లేకుండా కనిపించేవి. మాయ ఎలా జరుగుతోందో చూపించడం కూడా ఆ కృతిలో భాగమే.

6. ఈ చోటే ఎందుకని అడగండి. గోడలు తెల్లగా, కిటికీలు లేకుండా ఉన్న గదిలో ఈ ప్రశ్న వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. పాత గోదాములో, వీధిలో, నది ఒడ్డున ఉన్న కృతికి మాత్రం ఇది ముఖ్యం. కొచ్చి బినాలేకు తొలి సంచిక నుంచీ పేరు తెచ్చిన ఆస్పిన్‌వాల్ హౌస్, 1867లో జాన్ హెచ్. ఆస్పిన్‌వాల్ అనే ఆంగ్లేయ వర్తకుడు స్థాపించిన వ్యాపార సంస్థ భవన సముదాయం. మిరియాలు, అల్లం, పసుపు, కొబ్బరినూనె వంటి సరుకులు అక్కడి నుంచి సముద్రం మీదికి వెళ్లేవి. ఇంకా వెనక్కి వెళ్తే, పెరియార్ నదిలో 1341లో వచ్చిన వరదతో పాత ముజిరిస్ రేవు దెబ్బతిని కొచ్చి రేవు ఏర్పడిందని చెబుతారు.

ఇంత తెలుసుకుని 2012 నాటి తొలి సంచికలోని రెండు కృతులను చూడండి. వివాన్ సుందరం ‘బ్లాక్ గోల్డ్’ కోసం, పాత ముజిరిస్ రేవు ఉన్న చోటుగా భావించే ‘పట్టణం’ అనే పేరున్న గ్రామంలోని తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులతో ఒక నగరాన్ని పరిచాడు, అందులో మిరియాలు చేర్చాడు. షీలా గౌడ, క్రిస్టోఫ్ స్టోర్జ్ కలిసి ‘స్టాప్‌ఓవర్’ కోసం మిక్సీలు, గ్రైండర్లు వచ్చాక ఇళ్లలో చోటు కోల్పోయి బయటికి చేరిన వందకు పైగా గ్రానైట్ రుబ్బురోళ్లను బెంగళూరు నుంచి తెచ్చి ఆస్పిన్‌వాల్ హౌస్‌లో ఉంచారు. మసాలా దినుసులు నిలువ చేసిన గోదాములో, వాటిని నూరిన రోళ్లు, ఇక ఎవరికీ అక్కరలేని సరుకుగా పడి ఉన్నాయి. అవే రోళ్లను ఏ షాపింగ్ మాల్‌లోనో పెడితే అలంకరణ అవుతాయి.

7. వీడియో అయితే నిడివి తెలుసుకుని కూర్చోండి. గుమ్మం దగ్గర నిలబడి ముప్పై సెకన్లు చూసి తల ఊపి వెళ్లిపోవడం అన్ని ప్రదర్శనల్లోనూ కనిపించేదే. ఒక్క నిడివి కోసం మాత్రం గోడ మీది వివరం ముందే చూడవచ్చు. ఇరవై నిమిషాల లోపుదైతే మొత్తం చూడండి. మధ్యలో వెళ్లినా, చక్రంలా తిరిగి మొదటికి వస్తుంది కాబట్టి మీరు లోపలికి వెళ్లిన దృశ్యం మళ్లీ వచ్చేదాకా ఉండండి. దక్షిణాఫ్రికా కళాకారుడు విలియం కెంట్రిడ్జ్ ఎనిమిది తెరల ఊరేగింపు, 2018 కొచ్చి సంచికలో ప్రదర్శించినది, పావుగంట ఉంటుంది. ఎనిమిదింటినీ ఒకేసారి చూడాలని తల తిప్పకుండా, ఒక మనిషిని ఎంచుకుని మొదటి తెర నుంచి చివరి తెర దాకా కళ్లతో వెంబడిస్తే అది ఎంత నెమ్మదిగా కట్టిన కృతో తెలుస్తుంది.

గంటకు మించినవాటిని పూర్తిగా చూడలేదని సిగ్గుపడనక్కరలేదు. క్రిస్టియన్ మార్క్లే 2010లో చేసిన ‘ది క్లాక్’ నిడివి 24 గంటలు. సినిమాల్లో గడియారం కనిపించిన తునకలను కూర్చి, తెర మీది సమయం, మీ చేతి గడియారంలోని సమయం ఒకటయ్యేటట్టు నడిపించాడు. దాన్ని అరగంట చూసినా పట్టు దొరుకుతుంది. అమర్ కన్వర్ ఒడిశా భూముల మీద చేసిన ‘ది సావరిన్ ఫారెస్ట్’ లో 42 నిమిషాల చిత్రంతో పాటు 272 రకాల దేశీ వరి విత్తనాలు వరుసగా అమర్చి ఉంటాయి. అలాంటి చోట చిత్రానికి ముందు విత్తనాలు చూడండి, తరువాత మళ్లీ చూడండి.

8. మీ శరీరాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. చల్లగా ఉందా, మాట తగ్గించారా, తల వంచారా, పక్కవారికి దారి ఇచ్చారా అన్నది నోటు పుస్తకంలో ఒక వాక్యంగా రాయండి. 2016 కొచ్చి సంచికలో చిలీ కవి రౌల్ సురీతా ఒక పొడవైన గోదాము నేలను సముద్రపు నీటితో నింపి, దూరపు గోడ మీద తన కవిత ఉంచాడు. 2015లో మధ్యధరా సముద్రంలో మునిగిపోయిన సిరియా బాలుడు గాలిప్ కుర్దీకి అంకితం చేసిన కృతి అది. ఆ బాలుడి తమ్ముడు అలాన్ ఫోటో ప్రపంచమంతా చూసింది, గాలిప్‌ది అలా ఎవరూ చూడలేదు. ఆ కవితను చదవాలంటే మీరు బట్టలు మడిచి నీళ్లలో నడవాలి. గట్టున నిలబడి జూమ్ చేసి ఫోటో తీసుకున్నవారికీ, తడి కాళ్లతో బయటికి వచ్చినవారికీ దక్కినది ఒకటి కాదు.

ఇక్కడ జాగ్రత్త అవసరం. పెద్దవారు, గర్భిణులు, కాళ్లకు గాయాలున్నవారు, మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారు ఇలాంటి చోట దిగనవసరం లేదు. దిగినవారి ముఖాలు గమనించి రాసుకోండి, అదీ చూడడమే. తాకమని, కూర్చోమని, తీసుకెళ్లమని రాసి ఉన్న చోట తప్ప ఏదీ ముట్టుకోవద్దు. అనుమానం వస్తే కాపలా ఉన్నవారిని అడగండి.

9. ఇప్పుడు గోడ మీది వివరం చదవండి. మొదట కొట్టొచ్చినట్టు కనిపించే పేరాను వదిలి, పైన ఉన్న చిన్న అక్షరాల వరుసలు చదవండి: కళాకారుల పేరు, సంవత్సరం, వాడిన పదార్థాలు, కొలతలు, ఎవరి సౌజన్యం. పదార్థాల వరుసను మీరు నాలుగో మెట్టులో రాసుకున్నదానితో పోల్చండి. మీరు గమనించనిది ఏదైనా ఉంటే మళ్లీ వెనక్కి వెళ్లి చూడండి. ‘కొలతలు మారవచ్చు’ అని ఉంటే, చోటును బట్టి ఆ కృతిని ప్రతిసారీ కొత్తగా అమరుస్తారని తెలుసుకోండి.

తరువాత పేరా చదవండి. వీటిలో చాలా పేరాలు బరువైన పదాలతో నిండి ఉంటాయి. ‘అస్తిత్వం’, ‘సంఘర్షణ’, ‘విచ్ఛిత్తి’ వంటి మాటలు మూడు వరుసగా వస్తే వాటిని కొట్టివేసి, మిగిలిన వాక్యంలో సమాచారం ఏముందో చూడండి. ఏమీ మిగలకపోతే తప్పు మీది కాదు. కొచ్చిలో కృతుల గురించి వివరించే యువ సహాయకులు ఉంటారు. ‘దీని అర్థం ఏమిటి’ అని కాకుండా ‘ఇది ఎలా తయారైంది, అమర్చడానికి ఏం కష్టపడ్డారు’ అని అడిగితే వారి నుంచి మంచి సంగతులు వస్తాయి.

10. ఒక్కటి మార్చి చూడండి. ఇదే అసలు పరీక్ష. కృతిలోని ఒక్క అంశాన్ని మనసులో మార్చి, ఏం పోయిందో గమనించండి. వెంట్రుకల తాడు బదులు నైలాన్ తాడు అనుకోండి: ఆకారం అలాగే ఉంటుంది, మొక్కు పోతుంది. పింగాణీ గింజల బదులు అసలు గింజలు పోయండి: పది కోట్ల గింజలూ ఉంటాయి, 1600 మంది చేతులు పోతాయి. అలా పోయినదాన్ని ఒక వాక్యంలో రాయండి. ‘అర్థం’ అని మీరు మొదటి నుంచీ అడుగుతున్నది అదే.

ఏం మార్చినా ఏమీ పోకపోతే? అప్పుడు రెండు అవకాశాలున్నాయి. కృతి నిజంగానే పలచన కావచ్చు. లేదా దాని ఆధారం కంటికి కనిపించే వస్తువులో లేకపోవచ్చు. ఇటలీ కళాకారుడు మౌరిజియో కటెలాన్ 2019లో మయామీ కళా విక్రయ ప్రదర్శనలో గోడకు టేపుతో అంటించిన అరటిపండు రెండో రకం. పండును ఎన్నిసార్లు మార్చినా కృతికి నష్టం లేదు, ఎందుకంటే కొన్నవారికి అందేది ధ్రువపత్రం, అమర్చే సూచనలు. 2024 నవంబరులో న్యూయార్క్ వేలంలో దానికి పలికిన 62 లక్షల డాలర్లు పండు ధర కాదు. అది మంచి హాస్యమా, అలసిపోయిన హాస్యమా అన్నది మీరు నిర్ణయించుకోవచ్చు. నాకైతే మొదటిసారి నవ్వు వచ్చింది, ఆ ధర విన్నాక తగ్గింది.

కృత్రిమ మేధతో చేసినవాటికి ఈ పరీక్షను కొంచెం మార్చాలి. రెఫిక్ అనడోల్ 2022లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమాలో ప్రదర్శించిన భారీ తెర, ఆ మ్యూజియం సేకరణలోని లక్షకు పైగా కృతుల సమాచారంతో శిక్షణ ఇచ్చిన యంత్రం నుంచి పుట్టింది. ఇక్కడ మార్చి చూడవలసింది రంగులను కాదు, యంత్రానికి ఇచ్చిన సమాచారాన్ని. అదే యంత్రానికి వాతావరణ లెక్కలు ఇచ్చినా ఇలాగే అలలు అలలుగా కదిలేదా? అవుననిపిస్తే ఆ అనుమానాన్ని రాసుకోండి, అది విమర్శకు పనికొచ్చే వాక్యం.

తరచుగా జరిగే పొరపాట్లు

గుమ్మంలోనే ఫోన్ తీయడం అన్నింటికన్నా పెద్దది. ఫోటోలు చివర తీయండి, అవీ మీ నోట్సులో రాసుకున్న అంశాలకే: ముడి, అతుకు, వెనక వైపు, నేలను తాకే చోటు. మొత్తం దృశ్యం మీ ఫోటోల కన్నా మెరుగ్గా ప్రదర్శన వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

‘ఇది నేనూ చేయగలను’ అన్నది రెండోది. నిజంగానే చేయగలిగినవి ఉన్నాయి. కాని ఆ మాటతో చూడడం ఆగిపోతుంది కాబట్టి, నోటు పుస్తకంలో ఒక మూల రాసిపెట్టి పదో మెట్టు దాకా వెళ్లాక మళ్లీ చూడండి.

రవివర్మతోనో దామెర్ల రామారావుతోనో పోల్చి లోటు చెప్పడం కూడా కుదరదు. ఆ చిత్రాల ప్రమాణాలు వేరు, ఇక్కడి పని వేరు. ధర ముందు తెలుసుకుని ఆ తరువాత చూడడం, ప్రతిదానికీ రాజకీయ సందేశం ఉండి తీరాలనుకోవడం, పిల్లలకు ‘ఇది ఫలానా’ అని ముందే చెప్పేయడం కూడా ఇలాంటివే. పిల్లలు మూడో మెట్టును మనకన్నా బాగా చేస్తారు, వారిని ముందు మాట్లాడనివ్వండి.

సరిగా చూశారో లేదో ఎలా తెలుసుకోవాలి?

అదే రోజు సాయంత్రం ప్రదర్శన చూడని ఒకరికి ఫోన్ చేసి, ఒక కృతిని వర్ణించి, వారిని బొమ్మ గీయమనండి. ఆ బొమ్మను ఫోటో తీసి పంపమని అసలుతో పోల్చండి. వారు పెట్టిన చోట వస్తువులు ఉంటే మీ మూడో మెట్టు, అయిదో మెట్టు సరిగా జరిగినట్టే. ఆకారం వచ్చి పరిమాణం తప్పితే మీరు దూరాలు రాసుకోలేదని అర్థం. ఇదే ఎక్కువగా జరుగుతుంది.

తరువాత మీ పదో మెట్టు వాక్యాన్ని కళాకారుల ఇంటర్వ్యూతో పోల్చండి. రెండూ ఒకటైతే మంచిదే. వేరైనా, మీ వాక్యానికి ఆధారం కృతిలో చూపించగలిగితే దాన్ని మార్చుకోవద్దు. ఆధారం చూపించలేకపోతే కొట్టివేయండి. వారం తరువాత నోట్సు తెరవకుండా ఏం గుర్తుందో రాసి చూడండి. చిరాకు పుట్టించిన మూడో కృతి అందులో చాలాసార్లు మొదటి వరుసలోకి వస్తుంది. నచ్చలేదన్న అభిప్రాయం అప్పటికీ మారకపోతే, కారణాలతో సహా అలాగే ఉంచుకోండి.

ఎక్కడ మొదలుపెట్టవచ్చు

బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము 2012 డిసెంబరు 12న ప్రారంభించిన కొచ్చి బినాలే సాధారణంగా డిసెంబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా సాగుతుంది. ఆరవ సంచిక తేదీలు 2025 డిసెంబరు 12 నుంచి 2026 మార్చి 31. సికింద్రాబాద్ నుంచి తిరువనంతపురం వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ గుంటూరు, తిరుపతి మీదుగా ఎర్నాకులం టౌన్‌కు చేరుస్తుంది. అక్కడి నుంచి ఫోర్ట్ కొచ్చికి రోడ్డు కన్నా నీటి దారి మేలు. ఎర్నాకులం జెట్టీ నుంచి పడవలు, హైకోర్టు జెట్టీ నుంచి వాటర్ మెట్రో ఉన్నాయి. వేదికలు విడివిడిగా ఉంటాయి కాబట్టి కనీసం రెండు రోజులు కేటాయించండి. ఎండ ముదరక ముందు గోదాముల్లోవి, సాయంత్రం చీకటి గదుల్లోని వీడియోలు పెట్టుకోండి.

బినాలే లేని కాలంలో బెంగళూరు ప్యాలెస్ రోడ్డులోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్, కస్తూర్బా రోడ్డులోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ, ఢిల్లీ సాకేత్‌లోని కిరణ్ నాడార్ మ్యూజియం ఉన్నాయి. సోమవారాలు మూసి ఉండే అవకాశం ఎక్కువ, వెళ్లే ముందు వేళలు చూసుకోండి. హైదరాబాద్‌లో ఉన్నవారు మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌తో మొదలుపెట్టవచ్చు. టికెట్ లేకుండా సాధన చేయాలనుకుంటే ఖైరతాబాద్ దగ్గరి ఎం.ఎస్. మక్తా వీధుల్లోని గోడచిత్రాల దగ్గర ఆరో మెట్టు బాగా పనిచేస్తుంది. అవి జనం కాపురముంటున్న ఇళ్ల గోడలు కాబట్టి, మనుషులు ఫోటోలో పడేటట్టయితే ముందు వారిని అడగండి.